ఊళ్లో పడుకునే బస్సు

ఒకప్పుడు ఆఖరి బస్సు మా ఊళ్లోనే పడుకునేది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసు వరండాలో నడుం వాల్చేవారు. వాళ్లకు వంతులవారీగా ఒక్కో ఇంటి నుంచి అన్నం వెళ్లేది. ఎలాగూ రాత్రికి మా ఊళ్లోనే ఉండాలి కాబట్టి, నాంపల్లి నుంచి వచ్చే రైలు టౌనులో ఆగి మేమంతా దిగేదాకా బండి కదిలించేవారు కాదు. ఆ ధైర్యంతోనే, పాపకు ఆరో నెల నడుస్తుండగా ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో మళ్లీ పనిలో చేరాను. మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పగలు అత్తమ్మ రెండు చెంచాల ఉగ్గు పెట్టి ఎలాగో నెట్టుకొచ్చేది కానీ, పాలంటే మాత్రం పాప నావి తప్ప ముట్టదు.

బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదన్నప్పుడు సంబరపడ్డాను. కొన్నాళ్లకు మా ఊరి రాత్రి మకాం ఎత్తేశారు. ఊరికే ఎక్కాలన్నా బస్సంటూ ఉండాలి కదా. అప్పటి నుంచి రైలు సమయానికి వస్తేనే బస్సు, లేకపోతే లేదు.

ఆ రోజు ఎవరో పెళ్లివాళ్లు దుకాణమంతా విప్పించి ఒక్క చీర కూడా కొనకుండా వెళ్లారు. అవన్నీ మడతపెట్టి, జనాన్ని తోసుకుంటూ నాంపల్లి స్టేషనుకు పరుగెత్తాను. రైలు దొరికింది. తీరా టౌను దీపాలు కనబడుతుండగా సిగ్నల్ పడక నిలిచిపోయింది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నాయి, జాకెట్టు తడిసిపోయింది. కొంగు నిండా కప్పుకుని పాత డ్రైవరుకు ఫోన్ చేశాను.

"అన్నా, జర బస్సు ఆపుమని చెప్పన్నా. బిడ్డ పాలకు ఏడుస్తుంటది."

"నన్ను వేరే రూటుకు ఏసిన్రు చెల్లె. ఇప్పుడొచ్చేటోళ్లు మళ్ల డిపోకు పోవాలె. ఆగరు."

బస్టాండుకు ఉరికేసరికి బస్సు లేదు. ఒక్కదాని కోసం ఆ దారిన రామన్నారు ఆటోవాళ్లు. ఇంటికి ఫోన్ చేస్తే ముందు పాప ఏడుపే వినిపించింది.

"గ్లాసుతోని బర్రెపాలు పోస్తుంటే ఉమ్మేస్తున్నది. నువ్వెప్పుడొస్తవు?" అంది అత్తమ్మ.

ఫోన్ పెట్టేసి వెనక్కి వచ్చి, స్టేషను కుళాయి దగ్గర గోడవైపు తిరిగి పాలు పిండి పారబోశాను. అక్కడ బిడ్డ గొంతెండి ఏడుస్తుంటే, ఇక్కడ నా చేతులతోనే పారబోశాను. అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

ఆడవాళ్ల వెయిటింగ్ రూములో తెల్లారింది. బస్సు మా ఊళ్లో పడుకోదు కనుక పొద్దున మా ఊరికి మొదటి బస్సు బాగా ఎండెక్కాకే. అందులో ఇంటికి వెళ్తే ఆ రోజు దుకాణానికి రాలేను. ఇంకొక్క నాగా పెడితే పని ఉండదని సేటు ముందే చెప్పాడు. బస్సు కంటే ముందు నాంపల్లి రైలొచ్చింది. ఎక్కాను. ఇదేం తల్లి అనుకునేవాళ్లు అనుకోండి.

సాయంత్రం సేటును బతిమాలి ముందే బయల్దేరాను. బస్సు అందింది. గుమ్మంలోనే పాపను లాక్కుని రొమ్ముకు ఆనించుకున్నాను. మొహం తిప్పేసుకుంది. అత్తమ్మ పట్టుకున్న స్టీలు గ్లాసు వైపు చేతులు చాపింది.

"పొద్దుగాల నుంచి మంచిగ తాగుతున్నది, ఫికర్ చెయ్యకు," అంది అత్తమ్మ. "ఇగ నువ్వెప్పుడొచ్చినా ఏం కాదు."