నీలం ఫ్యూజు

ఆ ఏడాది వానలు మొదలయ్యేనాటికి మా పాపకు ఆరేళ్లు. ఉబ్బసం పిల్ల. గాలి చల్లబడితే చాలు, డొక్కలెగరేస్తూ ఊపిరి కోసం పెనుగులాడేది. మేముండేది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, డాక్టరు ఉండేది ఏటి అవతల సర్కండాలో. మావారు గూడ్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్తే ఒక్కోసారి రెండు రోజులకు గానీ వచ్చేవారు కాదు. వానలో ఆటో కోసం పాపను తడిపే ధైర్యం లేక ఒక పాత కారు కొన్నాం. నేను డ్రైవింగు నేర్చుకున్నాను.

కారు కొన్న రెండో నెలలో ఒక సాయంత్రం పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే వంతెన మీద వాన అందుకుంది. వైపర్ల మీట నొక్కాను. కదల్లేదు. అద్దం మీద నీళ్లు తప్ప ముందేమీ కనబడలేదు. వెనక సీట్లో పాప పిల్లికూతలు, వెనకాల లారీ హారను. కిటికీలోంచి తల బయటపెట్టి ఆ వంతెన ఎలా దాటానో నాకే తెలియదు.

మెకానిక్కు ఫ్యూజు పోయిందని కొత్తది వేశాడు. నాలుగు రోజులకు అదీ పోయింది. తర్వాత ఇంకోటి. తడి తగిలి పోతోందని నేననుకున్నాను. నాలుగోసారి అతను విసుక్కుని, నీలం ఫ్యూజు తీసేసి దానికి రెట్టింపు కరెంటు తట్టుకునే ఆకుపచ్చది పెట్టాడు. ఇక పోదు దీదీ, బేఫికర్‌గా ఉండండి అన్నాడు హిందీలో.

నిజంగానే పోలేదు. వారం తిరక్కుండా, పాపను బడికి తీసుకెళ్తూ వీధి మలుపు దాటేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. సీటు కింద నుంచి సన్నగా పొగ. కారాపి పాపను ఎత్తుకుని రోడ్డు అవతలికి పరిగెత్తాను.

మా పక్క క్వార్టరు బాబాయిగారు అప్పుడే పాలు తీసుకుని వస్తున్నారు. శ్రీకాకుళం వైపు మనిషి, రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు బాగుచేసి రిటైరైనవారు. బోనెట్ ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశారు. తర్వాత ఆకుపచ్చ ఫ్యూజును చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"ఇదెవుడెట్టినాడమ్మా? ఫ్యూజు పోనాదంటే బండిని కాపాడినట్టు. దీన్ని ఇలగ లావు సేసేస్తే ఇంక కాలాల్సింది తీగే."

పాపను బాబాయిగారింట్లో కూర్చోబెట్టి వచ్చి, వంతెన మీద జరిగిన దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఆయన ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక బల్బు తగిలించి, బ్యాటరీ తీగ మళ్లీ బిగించారు. ఎక్కడైనా తీగ కారు రేకుకు తగిలితే ఈ బల్బు భగ్గున వెలుగుతుందని చెప్పారు. నన్ను లోపల కూర్చుని తాళం తిప్పమన్నారు. వైపర్లు వేశాను, ఇండికేటర్లు వేశాను. బల్బు మినుకుమనడమే తప్ప పూర్తిగా వెలగలేదు.

"ఆ దినం వంతెన మీద వైపరు తిరిగి తిరిగి ఆగినాదా, మొదలే తిరగనేదా?"

ఆలోచించాను. ఒక్కసారి కూడా తిరగలేదు. అంటే వైపర్లు వేయకముందే, ఇంకేదో కారణంతో ఫ్యూజు పోయింది.

"బయల్దేరినకాణ్నించి ఏటేటి సేసినావో ఒక్కోటీ సెప్పు."

తాళం తిప్పాను, వెనక్కి తీశాను, గేటు దాటాను... చెబుతుండగానే తట్టింది, వెనక్కి తీయడం ఒక్కటే ఇందాక చేసి చూడలేదు. ఆయన తల ఊపారు. రివర్సు గేరు వేశాను. బల్బు భగ్గుమంది. వైపర్లకూ, రివర్సు వేస్తే వెలిగే వెనక లైటుకూ ఫ్యూజు ఒక్కటేనట.

డిక్కీలో పరిచిన మ్యాటు తీసి చూస్తే, కారు అమ్మినాయన పాటల కోసం బిగించిన స్పీకరు స్క్రూ ఒకటి, వెనక లైటుకు వెళ్లే తీగ మీద ఒరుసుకుంటోంది. తొడుగు చిరిగి లోపలి రాగి మెరుస్తోంది. సీటు కింద ఆ తీగే మూరెడు పొడవు కమిలిపోయింది. బాబాయిగారు ఆ స్క్రూ ఊడదీసి, పాడైన తీగ కోసేసి కొత్త తీగ కలిపి, టేపు చుట్టి, నీలం ఫ్యూజే పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం పాపకు మళ్లీ ఆయాసం వచ్చింది. బయట కుండపోత. నేను వెళ్లి బాబాయిగారిని తోడు రమ్మన్నాను. ఆయన వెనక సీట్లో పాప వీపు నిమురుతూ కూర్చున్నారు. గేటు దగ్గర బండి వెనక్కి తీశాక, వైపర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని గానీ కదల్లేదు. వంతెన పొడుగునా వైపర్లను చూస్తూనే నడిపాను, రోడ్డుకంటే ఎక్కువగా వాటినే. అవి తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరు మాస్కు పెట్టి మందు పొగ పట్టిన అరగంటకు పాప ఊపిరి నెమ్మదించి, ఆకలేస్తోందంది.

ఆ మరుసటి రోజు మావారు డ్యూటీ దిగి వచ్చి అంతా విన్నారు. పొగ మాట దగ్గర ఆయన ముఖం పాలిపోయింది. ఆ బండి అమ్మేద్దాం అన్నారు. వద్దన్నాను. తెలియని జబ్బున్న ఇంకో బండి కొనేకంటే, జబ్బేమిటో తెలిసిన ఇదే నయమనిపించింది. ఆ కారు మరో అయిదేళ్లు నడిపాను.