సోమవారం వెలిగే లైటు

మా ఆయన బొగ్గు బాయిలో ఫిట్టరు. లోకంలో తిరిగే ప్రతి చక్రం తన పర్మిషన్‌తోనే తిరుగుతుందని నమ్మే మనిషి. పక్కింటివాళ్ల కూలర్ కాస్త గట్టిగా మోగితే చాలు, పిలవకముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరేవాడు. ఆయన చేతిలో కొన్ని బాగయ్యేవి, కొన్ని మళ్లీ లేచేవి కావు. లేవని వాటి గురించి, “కంపెనీ మాలే మంచిగ లేదు” అని తేల్చేసి, చేతులు కడుక్కుని వచ్చేవాడు.

నేను ఉట్నూర్ అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ని. సోమవారం పొద్దున్నే నస్పూర్‌లో బయల్దేరి, వారమంతా అక్కడ అద్దె గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరతాను. కొన్నేళ్లు బస్సుల్లో నిలబడి తిరిగాక, నా జీతంతో ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. కాగితాలు మాత్రం ఆయన పేరు మీదే ఉన్నాయి. అలా ఉంటేనే మర్యాద అన్నాడు. ఎవరికి మర్యాదో నేను అడగలేదు.

జన్నారం దాటాక టేకు అడవి మొదలవుతుంది. అక్కడ ఫోను పలకదు. ఏ కూర వండావు, ఎందుకు ఆలస్యమైంది, చెల్లెలి పెళ్లికి ఏం పెడదాం అని అడిగే గొంతు ఒక్కటీ ఉండదు. పెళ్లయిన తర్వాత పూర్తిగా నాది అనుకున్నది ఆ రోడ్డొక్కటే. కారు పోతే అదీ పోతుంది. అందుకే కారులో ఏదో చెడిందని చెప్పే పసుపుపచ్చ లైటును చూస్తే నాకు అంత దడ.

ఒక సోమవారం లక్సెట్టిపేట చేరకముందే కారు ఎక్కిళ్లు పెట్టినట్టు కుదపడం మొదలుపెట్టింది. మీటర్ల మధ్య ఇంజన్ బొమ్మ వెలిగి ఆరి, ఆరి వెలిగి, చివరికి వెలిగే ఉండిపోయింది. జన్నారం వచ్చేసరికి కుదుపు దానంతటదే పోయింది, లైటు మాత్రం పోలేదు. రోడ్డు పక్కన ఆపి ఆయనకు ఫోన్ చేశాను.

“క్లచ్ మీద కాలు పెట్టి తోలుతున్నవా?” అన్నాడు.

హలో కూడా అనలేదు. కారు ఏమైంది, నువ్వు ఎక్కడ ఉన్నావు, ఏమీ లేదు. జబ్బు పేరు ముందే రాసిపెట్టుకుని రోగి కోసం ఎదురుచూసే డాక్టర్లను నేను ఉద్యోగంలో చూశాను. వాళ్లు నయం, కనీసం నాలుక చూపించమంటారు.

మంచిర్యాలలో మెకానిక్కులు లేరా అంటే ఉన్నారు. కానీ మా ఆయనకు కరీంనగర్‌లో అద్దాల గది ఉన్న గ్యారేజీ అయితేనే నమ్మకం. ఆ శనివారం ఉట్నూర్ నుంచి కారు తేగానే, ఆయన పక్కన కూర్చుని నాతోనే అక్కడికి నడిపించాడు. గ్యారేజీ యజమాని తెల్లచొక్కా నలగకుండా వచ్చి, స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి, చేతిలోని పలకలాంటి స్కానర్ మీద వేలు నొక్కాడు. లైటు ఆరిపోయింది.

“అయిపోయింది సార్,” అన్నాడు మా ఆయనతో. కారు నడిపింది నేను, కుదుపు తిన్నది నేను. అయినా ఆ మనిషి కళ్లు నా మీదికి ఒక్కసారే తిరిగాయి, అదీ ఆయన్ని అడగడానికి: “మేడం గేర్లు జర గట్టిగ ఏస్తదా సార్?”

“గదే చెప్తున్న నేను!” అన్నాడు మా ఆయన. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లలా నవ్వుకున్నారు.

గేర్లు గట్టిగా వేస్తే ఆ లైటు ఎందుకు వెలుగుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలియని మగవాళ్లు ఇద్దరు కలిస్తే అది విజ్ఞానం అయిపోతుంది. తర్వాతి సోమవారం లైటు మళ్లీ వెలిగింది. మరుసటి వారం ప్లగ్గులు మార్చారు, మళ్లీ వెలిగింది. కాయిల్ అన్నారు, సెన్సర్ అన్నారు, ట్యాంకులో చెత్త ఉందన్నారు. కారు బాగుపడలేదు గానీ గ్యారేజీ ముందు కొత్త బోర్డు లేచింది. ప్రతిసారీ మా ఆయన నా కుడి కాలునీ ఎడమ కాలునీ విడివిడిగా తిట్టేవాడు. ఉట్నూర్‌లో తోటి నర్సులు కూడా, “అన్న ఫిట్టర్ గదా అక్కా, ఆయనకు తెల్వదా?” అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఇక ఆయన ఆదివారం సేవ గురించి చెప్పాలి. బాయిలో ఒక అలవాటు ఉంది. షిఫ్టు దిగేముందు మెషిన్ మీది బొగ్గు పొడి కడిగి, తర్వాతి వాళ్లకు అప్పగించాలి. దుమ్ముతో వదిలేసి పోతే ఆ ఫిట్టరుకు నామోషీ. అక్కడ అది మంచి అలవాటే. నస్పూర్‌లో ఆరేసిన బట్టల మీదే బొగ్గు పొడి పడుతుంది, కారును వదులుతుందా? అందుకని ఆయన ప్రెషర్ పంపు కొన్నాడు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, లుంగీ ఎగ్గట్టి, ఇంజన్ మీద నల్లనీళ్లు తెల్లబడేదాకా కొట్టేవాడు. కంపెనీ క్వార్టర్ల వాళ్లంతా చూడాలని ఆ పని గేటు బయటే చేసేవాడు. కరీంనగర్ నుంచి వచ్చిన మర్నాడైతే ఇంకా ఎక్కువ. గ్యారేజీవాళ్లు జిడ్డు చేతులు పెట్టారట.

ఒక ఆదివారం ఆయనకు ప్లే డే డ్యూటీ పడింది. సెలవు రోజు డ్యూటీకి జీతం రెండింతలు, పిలుపొస్తే ఎవరూ వదులుకోరు. తెల్లారే బాయికి పోయాడు, కారు దుమ్ముతోనే నిలబడింది. సోమవారం నేను ఉట్నూర్ చేరేదాకా లైటు వెలగలేదు, కుదుపూ లేదు.

జ్వరంతో ఎవరొచ్చినా మేము మొదట అడిగేది జ్వరం ఎప్పుడొస్తోంది అనే. అన్నాళ్లుగా కారు గురించి ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు, అద్దాల గదిలో కూడా. లైటు సోమవారమే ఎందుకొస్తుంది? ఆదివారం ఏం జరుగుతుంది?

మరుసటి ఆదివారం ఆయన కడగడం ముగించి, భోంచేసి, గురకపెట్టాక, ఆయన పానాల డబ్బాలోంచే పానా తీసుకుని ప్లగ్గుల మీద కూర్చునే కాయిళ్లు ఊడదీశాను. ఎలా తీయాలో ఫోనులో చూసి నేర్చుకున్నాను. ప్లగ్గు కూర్చునే గుంటలోకి టార్చి వేస్తే లోపల నీళ్లు మెరిశాయి. పైన మూతలా ఉండాల్సిన రబ్బరు వయసైపోయి పగుళ్లిచ్చింది. పంపు నీళ్లు అందులోంచి దిగుతున్నాయి. సోమవారం వేడికి అవి ఆవిరయ్యేదాకా కారు కుదుపుతుంది. కరీంనగర్ చేరేది శనివారం గనక, అప్పటికి అంతా పొడిగా ఉంటుంది.

ఆయన్ని లేపి చూపించాను. కళ్లు నులుముకుంటూ చూశాడు.

“నీళ్లతోని ఇంజన్ ఖరాబైతదా? బాయిల ఇల్లంత మెషిన్లు కడుగుతం. ఏం కాలే వాటికి. నువ్వు మూత్రం, రక్తం చూసుకో, ఇంజన్ నాకిడిసిపెట్టు.”

అంతటితో ఆగలేదు, రాత్రి అన్నం దగ్గర మళ్లీ ఎత్తుకున్నాడు. ఈ కారుతో పరేషాన్ చాలు, అమ్మేస్తున్నానన్నాడు. నాకు బస్సులే నయమట. ఆ మాట పళ్లెంలో ఇంకాస్త చారు పోసుకుంటూ అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడిస్తే అది కూడా నా డ్రైవింగ్ ఖాతాలో రాస్తాడని ఊరుకున్నాను.

పాత కార్లు కొని అమ్మే మంచిర్యాల భాయ్ ఒకాయన ఆ వచ్చే ఆదివారం చూడటానికి వచ్చాడు. ఆయన వస్తున్నాడని మా ఆయన ఇంజన్‌ను పెళ్లికూతురిని చేసినట్టు మళ్లీ నీళ్లు కొట్టి ముస్తాబు చేశాడు. నేను చాయ్ కప్పులతో గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“ఎవరు తోలిన్రన్నా బండి?” అని అడిగాడు భాయ్.

మా ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “మా ఇంటామె ఒక్కతే భాయ్. ఇంకెవ్వలూ చెయ్యి పెట్టలే. గేరు మారితే చప్పుడు రాదు, క్లచ్చు కొత్తదాని లెక్కనే ఉన్నది. అడవి రోడ్ల గూడ ఒక్క గీత పడనియ్యలే. గామె లెక్క తోలేటోళ్లను నేను మగోళ్లల్ల గూడ చూడలే.”

నేను కప్పులు అరుగు మీద పెట్టేశాను.

భాయ్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. కారు ఎక్కిళ్లు పెట్టింది. పసుపుపచ్చ బొమ్మ మిణుకుమంది. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. నేను పానా తెచ్చి, బానెట్ ఎత్తి, కాయిళ్లు తీసి, గుంటల్లోకి గుడ్డ దూర్చి బయటికి లాగాను. నీళ్లు కారుతున్న గుడ్డను ఇద్దరి మధ్యా పిండాను.

“అరె అన్నా, ఇంజన్‌కు తానం చేపిస్తున్నవా?” అని భాయ్ పడీపడీ నవ్వాడు. అంతా తుడిచి బిగించాక తాళం తిప్పితే కారు మెత్తగా పలికింది. భాయ్ వెంటనే బేరం మొదలుపెట్టబోయాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం చెవి తీసుకున్నాను.

“అమ్ముడు లేదు భాయ్. చాయ్ తాగి పో.”

“కాగితాలు నా పేరు మీదున్నయి,” అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

“ఉండనీ. గామె లెక్క తోలేటోళ్లు మగోళ్లల్ల గూడ లేరంటివి గద. గంత మంచిగ తోలేదాని బండి ఎందుకమ్ముతవు?”

ఆయన భాయ్ వైపు చూశాడు. భాయ్ అప్పటికే కారు దిగి, అరుగు మీది చాయ్ కప్పు అందుకున్నాడు. నా డ్రైవింగ్ గురించి మా ఆయన నోట మంచి మాట వినడం నాకు అదే మొదలు. ఆ మాట నాకు చెప్పలేదు, కొనేవాడికి చెప్పాడు. అంటే ఇన్నాళ్లూ ఆయనకు తెలుసు.