మూడో కుండ ఎట్ల పగిలింది?

నిన్న ఆదివారం మా మామ పొలం కాడ ఏమైందో మీకు ఇనవడ్డదా? ఇనవడే ఉంటది, మా బావ నోరు గట్లాంటిది. కని ఆయన చెప్పింది సగమే. అసలు ముచ్చట నా నోట ఇనుండ్రి. ముందే చెప్తున్న, గెలిచింది నేనే! కాకపోతే ఎట్ల గెలిచిన్నో చెప్పేటప్పుడు మీరు నవ్వొద్దు. సరే, నవ్వుండ్రి గని చాయ్ మీద పోసుకోకుండ్రి.

మా మామ బొగ్గు బాయిల షాట్‌ఫైరర్‌గ చేసి రిటైరైండు. అదే, బొగ్గుకు మందు పెట్టి పేల్చే డ్యూటీ. ఇప్పుడు జైపూర్ దిక్కు ఊర్లె మక్కజొన్న ఏసుకుంటడు. ఆ మక్కకు అడివిపందుల బాధ. వాటిని బెదిరిచ్చెతందుకు ఆయన దగ్గర లైసెన్సున్న భర్మార్ తుపాకి ఒకటి ఉన్నది. పాతకాలంది. మూతి నుంచే మందు పోసి, గుండు ఏసి, ఇనుప చువ్వతోని లోపలికి దట్టించి, చువ్వ బయటికి తీసి, గప్పుడు పేల్చాలె. చప్పుడుకే పందులు పరార్!

కంటి ఆపరేషన్ అయినంక మామకు గురి కుదుర్తలేదు. ఓ రోజు అందరిని కూసోబెట్టిండు.

"ఇగ నాతోని గాదు. తుపాకి ఎవలికి అప్పజెప్పాలె? లైసెన్సు వాళ్ళ పేరు మీద చేపిద్దాం."

"ఎవలికేంది నాయినా, పెద్ద కొడుకును నేను లేనా?" అన్నడు మా బావ ప్రభుదాసు. ఆయన ఉండేది జ్యోతినగర్‌ల, కరెంటు ప్లాంటుల పని. పొలానికి వచ్చేది పచ్చి కంకులు కాల్చుకొని తినేటప్పుడు. ఇగ మా ఆయనంటరా, కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడ్తడు. సెలవు దొరికితే చాలు, ఆ మక్కల నడుం వంచేది ఎవలు? నేను! నా నోరు ఊకుంటదా?

"మామా, కోడళ్ళకు చేతుల్లేవా?" అన్న.

బావ నవ్విండు. "ల్యాంప్‌రూంల లైట్లు పంచినట్టు గాదు మరదలా ఇది!"

చూసిండ్రా? బాయిల దిగేటోళ్ళకు పొద్దున లేస్తే లైట్లు చెక్ చేసి ఇస్త నేను. ఒక్క లైటు ఆగితే లోపల మనిషి గతేంది? గా పనిని పట్టుకొని గట్లంటడా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మామ మా ఇద్దరి దిక్కు చూసిండు. "మంచిదే. మూడు కుండలు కడ్త. దగ్గర ఒకటి, నడుమ ఒకటి, దూరం ఒకటి. మూడు పగలగొట్టినోళ్ళకే తుపాకి. ఇష్టమున్నోళ్ళు వచ్చి నేర్చుకోండ్రి."

"నాకెందుకు నేర్చుకునుడు?" అన్నడు బావ. నేను మాత్రం నిన్నటి కన్నా ముందటి ఆదివారం పొద్దుగాల్నే పోయిన.

మొదటి దెబ్బకు తుపాకి నా భుజాన్ని ఎనుకకు గుద్దింది చూడుండ్రి! దబ్బున కింద కూసున్న. కుండ అట్లనే నన్ను చూసుకుంట ఊగుతున్నది. "లే బిడ్డా, అది నిన్ను పలకరించింది," అన్నడు మామ.

కాల్చంగ కాల్చంగ దాని గుణం తెలిసింది. నడుమ కుండకు సూటిగ చూస్తే సూటిగనే తగుల్తది. దగ్గర కుండకు సూటిగ చూస్తే గుండు మీది నుంచి పోతది, జెర్ర కిందికి చూడాలె. దూరం కుండకు పోయేసరికి గుండు అలిసిపోయి కిందికి దిగుతది, అందుకని కుండ మూతి కన్నా పైకి చూడాలె. పైపుతోని చెట్లకు నీళ్ళు కొట్టినట్టే! దూరం చెట్టుకు పైపు లేపమా? గంతే. సాయంత్రానికి మూడు దూరాలు నా చేతికి వచ్చినయి. భుజం మాత్రం వంకాయ రంగుకు వచ్చింది.

ఇగ నిన్న. చర్చి అయినంక ఇంటోళ్ళం, ఊరోళ్ళు అందరం పొలానికి పోయినం. పొలంల నీళ్ళ బాయి తవ్వినప్పటి మట్టి గుట్ట ఉన్నది గద, దాని ముంగట కుండలు కట్టిండు మామ. అందరిని తన ఎనుక నిలవెట్టిండు.

ముందు మా ఆయన. కండ్లు మూసుకొని కాల్చిండు, తుపాకి మామ చేతుల పెట్టిండు, "నాకు వంట కాడ పనున్నది" అని పోయిండు. మంచి మనిషి.

తర్వాత బావ. నల్ల కండ్లద్దాలు పెట్టుకొని వచ్చిండు. దగ్గర కుండకు సూటిగ చూసి కొట్టిండు, గుండు మీది నుంచి పోయింది. నడుమ కుండ మాత్రం పగలగొట్టిండు, అబద్ధమెందుకు. దూరం కుండకు మళ్ళ సూటిగనే చూసిండు. కుండ కింద మట్టి లేచింది.

"ఈ తుపాకే వంకర!" అన్నడు.

పగిలిన కాడ కొత్త కుండ కట్టి నన్ను పిలిచిండ్రు. దగ్గర కుండ, జెర్ర కిందికి చూసి కొట్టిన. ఢాం! పెంకులు పెంకులు! నడుమ కుండ, సూటిగ. ఢాం! అది గూడ పాయె! మా యారాలు, అదే బావ పెండ్లాం స్వరూపక్క, సొంత మొగణ్ణి మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

ఇగ మూడోది. మందు పోసిన, గుండు ఏసిన, చువ్వతోని దట్టిస్తున్న. గప్పుడే ఫోన్! చూస్తే ల్యాంప్‌రూం నుంచి సరిత. డ్యూటీ ఫోన్ ఎత్తకుంటే ఎట్ల? మెడకు, భుజానికి నడుమ పెట్టుకున్న.

"కరుణక్కా, అల్మారా తాళంచెవి ఏడ పెట్టినవ్?"

"కిటికీల డబ్బా ఎనుక చూడు."

"లేదక్కా!"

"ఎర్ర డబ్బా గాదే, నీలం డబ్బా!"

"ఆ, దొరికింది!"

ఫోన్ పెట్టేసిన. తుపాకి లేపిన. కుండ మూతి కన్నా పైకి చూసిన. ఊపిరి బిగపట్టిన. కొట్టిన.

ఎప్పుడైన ఢాం అంటది గద? నిన్న "ఢాం... కుయ్య్!" అన్నది. కండ్ల ముందట అంత పొగ. పొగ తేలిపోయినంక చూస్తే కుండ లేదు! ఉట్టి తాడే ఊగుతున్నది! నేను ఎగిరిన ఎగురుడు మీరు చూడాలె. "గెలిచిన! గెలిచిన!" అని స్వరూపక్కను పట్టుకొని గిర్ర గిర్ర తిరుగుతున్న.

మామ ఒక్కడే నవ్వుతలేడు. నేల మీద అటిటు చూస్తున్నడు.

"బిడ్డా, చువ్వ ఏది?"

నా చేతులు చూసుకున్న. ఎనుకకు చూసిన. ఎటూ లేదు. అందరం మట్టి గుట్ట కాడికి పోయినం. అగో, అక్కడ ఉన్నది! జెండా కట్టె లెక్క మట్టిల దిగబడి, కుండ మెడను గాజు లెక్క తొడుక్కొని నిలవడ్డది. తీసుడు మరిచిపోయి గుండుతోని పాటు చువ్వను గూడ కాల్చిన నేను!

మామ ముఖం తెల్లగైంది. "గొట్టం పగిలితే ఏమయ్యేదే? కండ్లు పోవా? మందు కాడ ఫోనా? బాయిల నా ముంగట ఎవడన్న గిట్ల జేస్తే ఆ రోజే డ్యూటీ దించేటోణ్ణి!" అని గట్టిగ తిట్టిండు. తుపాకిని అటిటు తిప్పి చూసిండు. దానికేం గాలేదు. నన్ను గూడ అట్లనే తిప్పి చూసిండు. నాకూ ఏం గాలేదు. గప్పుడు ఊపిరి తీసుకున్నడు.

బావకు ఇదే దొరికింది. "నాయినా, ఇది చెల్లది! పగలగొట్టింది గుండు గాదు, చువ్వ!"

"కుండ పగిలిందా, లేదా?"

"పగిలింది కని..."

"పగలగొట్టుమన్న. దేనితోని పగలగొట్టుమన్ననో చెప్పిన్నా?"

స్వరూపక్క అందుకున్నది. "మీ మూడో గుండు మట్టికే తగిలింది. దాని చువ్వన్న కుండకు తగిలింది గద!"

బావ కండ్లద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు. మామకు నవ్వు ఆగలే. ఆపరేషన్ అయిన కంట్ల నీళ్ళు కారంగ నవ్వి, తుపాకి నా చేతుల పెట్టిండు. "మూడు పగిలినయి. ఇది నీది బిడ్డా. ముందు లైసెన్సు పని అయితది, గప్పటిదాంక నా దగ్గరనే ఉంటది." పెద్ద కొడుకు ముంగట, ఊరోళ్ళ ముంగట, చిన్న కోడలి పేరు చెప్పిండు! రాత్రి కోడికూర గూడ మా ఆయననే వండిండు. రాణి లెక్క కూసొని తిన్న!

బావ మాత్రం ఊకుంటడా? పొద్దుగాల్లకల్ల మా గోదారిఖని అంత చెప్పిండు, మా మరదలు తుపాకితోని బరిసె ఇసిరిందని. ఇయ్యాల ఫస్ట్ షిఫ్టు కిటికీ తెరిచిన్నో లేదో, లైన్ల ముందున్నాయన టోపీ తీసి దండం పెట్టిండు.

"అక్కా, లైటు ఒక్కటే ఇస్తవా, బరిసె గూడ ఇస్తవా?"

లైనంత ఒకటే నవ్వు. నేనేం తక్కువా? లైటు చేతుల పెట్టి చెప్పిన.

"ఉన్నది ఒక్కటే బరిసె అన్నా. అది గూడ వంగిపోయింది!"