గురవయ్య తిప్పిన స్క్రూ

కలకత్తా ఏక్‌బాల్‌పూర్ షెడ్డులో గురవయ్య మిస్త్రీ బాగుచేసిన బండి అదే జబ్బుతో మళ్ళీ వచ్చిన దాఖలా నలభై రెండేళ్ళలో లేదు. ఈ మాట ఎవరూ అనకపోయినా, రోజుకొకసారి గురవయ్యే అంటాడు. టెక్కలి దగ్గర పల్లెబడిలో అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. హౌరాలో రైలు దిగిననాడు స్పానరంటే ఏమిటో తెలియదు. అలాంటివాడు మూడేళ్ళు తిరక్కుండా అంబాసిడర్ ఇంజను విప్పి, కళ్ళు మూసుకుని మళ్ళీ బిగించగలిగాడు. వాననీళ్ళలో మునిగిన రేవు ఆఫీసరుగారి కారుని ఒక్క పూటలో నడిపించాడు. టాక్సీవాళ్ళ సంఘం పిలిచి శాలువా కప్పింది. ఆ శాలువాని అడిగినవాళ్ళకి చూపిస్తాడు, అడగనివాళ్ళకీ చూపిస్తాడు.

అతను పెట్టే పరీక్ష ఒకటుంది. పని అయ్యాక ఇంజను నడుస్తుండగా దాని మీద మట్టిముంతతో నిండుగా టీ పెడతాడు. చుక్క తొణక్కపోతేనే బండి తీసుకెళ్ళమంటాడు.

నెల క్రితం శ్రీనివాస రావుగారి కారు కూడా ఆ పరీక్ష నెగ్గింది. ఆయన బ్యాంకు ఆఫీసరు. తెలుగు మిస్త్రీ ఉన్నాడని సాల్ట్ లేక్ నుంచి పనిగట్టుకుని వస్తారు. పదమూడేళ్ళ పాత కారు, సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు, ఇంజను ఆగిపోయేది. డ్రైవరు కాలు తీసినప్పుడు ఇంజనుకి కావలసిన కాస్త గాలిని లోపలికి వదిలే చిన్న వాల్వు ఒకటుంటుంది. అది మసిపట్టి బిగుసుకుపోయింది. గురవయ్య దాన్ని విప్పి శుభ్రంగా కడిగి బిగించాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఇంజను ఇంకా వణుకుతున్నట్టు చెవికి తోచి, వెనకటి కార్బొరేటర్ బళ్ళకి చేసినట్టే, పక్కనున్న స్క్రూని ముప్పావు చుట్టు తిప్పాడు. టీ తొణకలేదు.

ఇవాళ ఆ కారు తిరిగి వచ్చింది.

"గురవయ్యగారూ, ఇప్పుడు బ్రేకు వేస్తే చాలు, ఇంజను ఆగిపోతోందండీ. నిన్న హౌరా వంతెన మీద ఆగింది. వెనకాల బస్సువాడు మా ఏడు తరాలనీ తలుచుకున్నాడు."

"వాల్వు పోయుంటాది బావూ. కొత్తది ఎయ్యాల."

కొత్తది వేశాడు. అయినా ఆగింది. షెడ్డు యజమాని అభిజిత్ వచ్చి నిలబడ్డాడు. వాళ్ళ నాన్న ఉన్న రోజుల్లో గురవయ్య చెప్పిందే మాట. అభిజిత్ బెంగాలీలో, నవ్వుతూనే అన్నాడు: "కాకా, ఇది అంబాసిడర్ కాదు. మురళీమోహన్‌ని చూడనియ్యి. తప్పు వాడికి దొరికితే ఇకమీద ఇంజన్లన్నీ వాడివే."

"దొరకనీ. ఆ మీదట నాను స్పానరు ముట్టుకోను," అన్నాడు గురవయ్య.

మురళీమోహన్ పన్నెండేళ్ళ కిందట అతని దగ్గరే పని నేర్చాడు. స్కానర్ తగిలించి తెర చూశాడు.

"గురూగారూ, మనం కాలు తీసినా ఆ సంగతి బండికి తెలట్లేదు. ఇంకా తొక్కుతున్నాం అనుకుంటంది. అందుకే వాల్వుకి పని సెప్పట్లేదు."

"బండి అనుకోడమేట్రా? దానికేటి, బుర్రుందా?"

"ఉందండి. అదే మన కర్మ."

వంగి టార్చి వేశాడు. తిప్పకూడదని గుర్తుగా కంపెనీవాళ్ళు స్క్రూ మీద వేసిన పసుపురంగు చిట్లి ఉంది. మురళీమోహన్ తల ఎత్తకుండానే అడిగాడు.

"సార్, ఈ మధ్య ఇంకెవరికైనా చూపించారా?"

"పార్కింగులో ఒకతను బానెట్ ఎత్తి చూశాడు."

"అదీ! ఈ స్క్రూ వాడే కెలికాడు సార్. అందుకే బండికి మనం కాలు తీయనట్టే ఉంది."

మురళీమోహన్ అదే బెంగాలీలో చెప్పగానే అభిజిత్ ఆ ముక్కూమొహం తెలియని మనిషిని నోరారా తిట్టాడు. "తప్పు నాదే, గురవయ్యగారూ. మీ చేతి బండిని మరొకడి చేత ముట్టించాను," అన్నారు శ్రీనివాస రావుగారు.

నలభై రెండేళ్ళ మాట చెక్కుచెదరకుండా నిలిచింది. కాని ఆ ముప్పావు చుట్టు కిటుకు మురళీమోహన్‌కి నేర్పింది గురవయ్యే. వాడికి తెలుసు. తెలిసి, ఇటు చూడటం లేదు. శాలువా కప్పినవాళ్ళు మొహంలోకి చూసి కప్పారు. వీడు తల వంచుకుని కప్పుతున్నాడు. ఒళ్ళంతా కారం రాసినట్టయింది గురవయ్యకి.

"ఒరే, అబద్దం సెప్పకు. అది నానే తిప్పినాను. నువ్వు ముష్టి పడేసిన పేరు మీద బతకాలేట్రా నాను?"

అభిజిత్‌కి తెలుగు అర్థం కాలేదు. గురవయ్య అతనివైపు తిరిగి, అదే సంగతి బెంగాలీలో మళ్ళీ ఒకసారి చెప్పాడు.

అభిజిత్ నవ్వు పోయింది. "రేపట్నుంచి గాలి, పంక్చర్లు చూసుకో కాకా. నీడపట్టున కూర్చోవచ్చు."

శ్రీనివాస రావుగారు తాళంచెవి మురళీమోహన్ చేతిలో పెట్టారు.

మురళీమోహన్ స్క్రూని వెనక్కి తిప్పి, స్కానర్‌లో ఏదో సరిచేసి, ఇంజను నడిపించాడు. టీలు వచ్చాయి. గురవయ్య అలవాటుకొద్దీ తన ముంతని ఇంజను మీద పెట్టాడు. చుక్క తొణకలేదు. అందరూ స్కానర్ తెర చూస్తున్నారు. ముంతని ఎవరూ చూడలేదు.

ఆ టీ తాగి, ముంత నేలకేసి కొట్టాడు. తన స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి మురళీమోహన్ పెట్టెలో సర్దాడు. చక్రాలు విప్పే పెద్దది మాత్రం పక్కన ఉంచుకున్నాడు.