ఆఫ్ అంటే నమ్మని బాబాయి

మా బాబాయి ఈ లోకంలో ఎవరినైనా నమ్ముతాడు గానీ, ఆగిపోయిన మిషన్ని మాత్రం ఛస్తే నమ్మడు.

గడ్డి కోసే మిషన్లు బాగుచేయడం ఆయన పని. బ్లేడు మీద చెయ్యి వెయ్యాలంటే ముందు ఇంజను ప్లగ్గు వైరు ఊడదియ్యాల్సిందే, అది లేకపోతే ఇంజను అంటుకోదు. అంతటితో ఊరుకోడు, ఆ వైరును దూరంగా వంచి గుడ్డతో కట్టేస్తాడు. ఈ అలవాటు ఇంటిదాకా పాకింది. ఒకసారి పిన్ని ఫ్యాను తుడవమంటే, ఇంటి మొత్తానికీ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. తుడిచాక ఆ జేబుతోనే షాపుకి వెళ్ళిపోయాడు. పిన్ని సాయంత్రందాకా విసనకర్రతో విసురుకుంటూ, ఆయన్ని తిట్టుకుంటూ కూర్చుంది.

"స్విచ్చి ఆపితే చాలదా?" అని నిలదీసింది, రాగానే.

"స్విచ్చి ఎవరు నొక్కినా వింటుందే! నా భయమంతా అదే."

మా పక్కింట్లో రిటైరైన లెక్కల టీచరమ్మ ఒక్కరే ఉండేవారు. డెబ్భై దాటినా తన గడ్డి తనే కోసుకోవాలని పట్టుదల. చూపు ఆనదు, చేతులు వణుకుతాయి. ఎవరైనా సాయం చేస్తామంటే మాత్రం, బెత్తం లేని లోటు కళ్ళతోనే తీర్చేవారు.

ఒక రోజు పొద్దున్నే, వాన వెలిశాక, తడిగడ్డి ఇరుక్కుని ఆవిడ మిషను ఆగిపోయింది. ఆవిడ వంగి దాని కిందకి చెయ్యి పెట్టబోయారు. మెట్ల మీద పళ్ళు తోముకుంటున్న బాబాయి, నోట్లో బ్రష్షుతోనే గోడ దూకాడు. "ఆగండి" అని అరిచాననుకున్నాడు గానీ, నురగ తప్ప మాట రాలేదు. ఆ అవతారం చూసి టీచరమ్మ హడలిపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మిషను ఆగిపోయింది కదయ్యా!"

"ఆగలేదమ్మా, ఇరుక్కుంది. గడ్డి లాగగానే ఒక్క తిప్పు తిరిగిందంటే వేళ్ళు మిగలవు."

వెంటనే ప్లగ్గు వైరు తీసేశాడు. మిషన్ని పక్కకి వంచి, బ్లేడు కదలకుండా చెక్కముక్క అడ్డం పెట్టి, మందపాటి గ్లౌజులు తొడుక్కుని బోల్టు విప్పాడు. బ్లేడుకి పగులు కనిపించింది. మర్నాడు కొత్తది తెచ్చి, మధ్య కన్నాన్ని మేకుకి తగిలించి, రెండు వైపులా సమంగా తూగాకే బిగించాడు.

"కొత్త బ్లేడమ్మా. ఆరు నెలలు మెకానిక్కే నడపాలి. కంపెనీ రూలు."

రూలంటే టీచరమ్మకి గౌరవం. సరేనన్నారు. అప్పట్నుంచి ఆవిడ గడ్డి బాబాయే కోసేవాడు. ఆరు నెలలు నిండకముందే బాబాయి "అరిగిపోయింది" అంటూ బ్లేడు మార్చేవాడు. మళ్ళీ కొత్తది, మళ్ళీ ఆరు నెలలు. అలా రెండేళ్ళు గడిచాయి.

నేను కంపెనీ పుస్తకం మొత్తం తిరగేశాను. "బాబాయ్, ఆ రూలు ఏ పేజీలో ఉంది?"

"అందులో రాయరు. మెకానిక్కులకి నోటితో చెప్తారు."

ఒక ఆదివారం బాబాయి గడ్డి కోస్తుంటే నేను టీచరమ్మ వరండాలో కూర్చున్నాను. ఆవిడ గొంతు తగ్గించి అన్నారు:

"ముప్పై అయిదేళ్ళు పిల్లల సాకులు విన్నదాన్ని. మీ బాబాయిది ఒకటో తరగతి పిల్లాడి సాకు."

"మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నారండీ?"

"పట్టుకున్నాననుకో, పాపం ఇంకోటి కల్పించుకోవాలి. ఆయనకి అంత తెలివెక్కడిది?"

మిషను ఆగింది. ఆవిడ గొంతు పెంచి అడిగారు. "ఏమయ్యా, బ్లేడు ఇంకా దారికి రాలేదా?"

"ఎక్కడమ్మా!" అన్నాడు బాబాయి చెమట తుడుచుకుంటూ. "మహా మొండిది."