రెప్ప వేయని ముఖం

నా చిన్నప్పుడు, ఆకాశంలో చుక్కలన్నీ పళ్ళు తోముకునే బ్రష్షుతో చల్లినవేనని మా చిన్నమావయ్య చెప్పేవాడు. నల్లగుడ్డ బిగించి కట్టి, బ్రష్షుని తెల్లరంగులో ముంచి, దాని వెంట్రుకల మీద బొటనవేలు లాగితే తుంపర పడుతుందట. ఆ తుంపరే సినిమాలో నక్షత్రలోకం అవుతుందట. ఒకసారి నా పలక మీద సున్నంతో అలా చల్లి చూపించాడు కూడా. అది చెరిపేయడానికి మనసొప్పక అలాగే బడికి పట్టుకెళ్ళి దెబ్బలు తిన్నాను.

అప్పుడు నేను రాజోలు దగ్గర మా అమ్మమ్మగారింట్లో ఉండేదాన్ని. అమ్మ జ్వరంతో పోయింది. నాన్న నన్ను తెచ్చి అక్కడ దింపేసి వెళ్ళాడు. మా చిన్నమావయ్య అమ్మకి తమ్ముడు. మద్రాసులో ఒక స్టూడియోలో అచ్చులు పోసే పని చేసేవాడు. సినిమాల్లో కనిపించే దేవుడి విగ్రహాలు, రాతిస్తంభాలు, తెగిపడ్డ తలకాయలు అన్నీ ఆ గదిలోంచి వచ్చినవే. స్టూడియో మూతపడ్డాక ఇంటికొచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నాడు, కానీ మనసు మాత్రం మద్రాసు నుంచి రాలేదు. కాయలు దింపించేటప్పుడు కూడా చేతిలో ఏదో ఒక మట్టిముద్ద పిసుకుతూనే ఉండేవాడు.

ఆయన గురువు ఒక ముసలి ఇంగ్లీషాయన. ఏదో విదేశీ సినిమా పనిమీద మద్రాసు వచ్చి, ఆ సినిమా ఆగిపోతే చాలాకాలం అక్కడే ఉండిపోయాడట. ఆయనకి ప్లాస్టరు కలిపిచ్చే పని మా మావయ్యకి పడింది. ఆ ముసలాయన అంతకుముందు వాళ్ళ దేశంలో, లండను పక్కన ఓ పెద్ద షెడ్డులో, నక్షత్రలోకం సినిమాకి పనిచేశాడు. ఆ కథలన్నీ మావయ్యకి చెప్పాడు. మావయ్య వాటిని మాకు, అన్నం కలిపి ముద్దలు పెట్టినట్టు, కొంచెం కొంచెం పెట్టేవాడు. తెర మీద ఊరంత కనిపించే, చుక్కల్లోకి ఎగిరే ఓడ మంచమంత కూడా ఉండదట. వడ్రంగులు చెక్కతో చేసి, పిల్లల బొమ్మరైళ్ళు విరగ్గొట్టి ఆ ముక్కలు అంటించారట. మంచు అంతా ఉప్పేనట, పనివాళ్ళ కాళ్ళు పగిలి పుళ్ళు పడేవట. ఆ లోకంలో తిరిగే పొడుగాటి జీవికి రబ్బరు చర్మం కుట్టింది నలుగురు ఆడవాళ్ళు. దాని ఒంటి మీద ఒక్కొక్క వెంట్రుకా సూదితో గుచ్చారు. లోపల సన్నగా పొడుగ్గా ఉండే ఓ మనిషిని పెట్టి కుట్టేస్తే, అతను పొద్దుటినుంచీ కూర్చోడానికి లేక, గొట్టంతో మంచినీళ్ళు తాగుతూ నిలబడే ఉండేవాడట.

"అంతా బాగానే చేసేరు కానీ, కళ్ళే కుదరలేదమ్మా," అనేవాడు మావయ్య. "గాజుకళ్ళు. రెప్ప వెయ్యవు. అందుకే కెమెరా దాని మొహం మీద ఎక్కువసేపు ఆగదు. ఆగితే జనం కనిపెట్టేస్తారు."

ఇంకో మాట కూడా చెప్పేవాడు. సినిమా అయిపోయాక, చేసినవాళ్ళే సుత్తులు పట్టుకుని తాము చేసినవన్నీ పగలగొట్టేవారట. ఓడ, ఆ జీవి తలకాయ, అచ్చులు, అన్నీ. వేరేవాళ్ళ చేతిలో పడి నకళ్ళు పుట్టకూడదని. ఆ పని ఇంకొకరికి వదలడం తప్పని ముసలాయన చెప్పాడట. చేసిన చెయ్యే పగలగొట్టాలి. ఇది చెప్పేటప్పుడు మావయ్య మొహంలో భక్తి కనిపించేది.

ఆ నక్షత్రలోకం సినిమా తీసిన చాలా ఏళ్ళకి గాని మా ఊళ్ళవైపు రాలేదు. గీతలు పడ్డ పాత రీలొకటి రాజోలు హాల్లో ఆడుతుందని తెలిసి, మావయ్య కొత్తల్లుడిలా ముస్తాబై ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళాడు. అందరూ భయపడి అరిచిన చోట ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. "అదిగో కుట్టు, మెడ దగ్గర చూడండి," అని గట్టిగా అంటుంటే ముందువరసలవాళ్ళు వెనక్కి తిరిగి విసుక్కున్నారు.

నాకు కుట్లు కనపడలేదు. ఆ పొడుగాటి జీవి ఒక తల్లి. పిల్ల తప్పిపోతే మంచులో వెతుక్కుంటూ తిరుగుతుంది. చివర్లో మనుషులు ఓ ఎత్తైన చోట పెద్ద గుడ్డ కట్టి ఊపితే, పైనుంచి ఓడ దిగి వస్తుంది. నేను చూసింది అంతే. అమ్మ పోయినప్పుడు ఇంటికొచ్చిన ఆడవాళ్ళందరూ నా తల నిమిరి, మీ అమ్మ చుక్కల్లోకి వెళ్ళిందనే చెప్పారు. ఒక్కరైనా నిజం చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. చుక్కల్లోకి వెళ్ళే ఓడ ఉంది, గుడ్డ ఊపితే దిగుతుంది. ఇంక నాకు కావలసిందేముంది.

అమ్మమ్మ పెట్టెలో అమ్మది ఒక చిలకాకుపచ్చ నేతచీర ఉండేది. అది చూస్తే అమ్మ గుర్తుపడుతుందనుకున్నాను. కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చినాయనని బతిమాలి, మా పెరట్లో అన్నిటికన్నా ఎత్తైన కొబ్బరిచెట్టు తలమీద మొవ్వులో దాన్ని కట్టించాను. అమ్మమ్మ కట్టమందని అబద్ధం చెప్పాను. సాయంత్రాలు ఆ చెట్టు మొదట్లో కూర్చుని పైకి చూసేదాన్ని. అన్నానికి పిలిస్తే వెళ్ళేదాన్ని కాదు. నేను తినడానికి వెళ్ళినప్పుడే ఓడ వచ్చి వెళ్ళిపోతుందేమోనని నా భయం. తరవాత గాలివాన వచ్చింది. మట్టలు కొట్టుకుని చీర నిలువునా చిరిగి, పెరట్లో బురదలో పడింది.

దాన్ని మావయ్య చూశాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. చీరకి అంటిన బురద వేళ్ళతో తుడుస్తూ, ఎందుకు కట్టించేవని అడిగాడు. చెప్పాను. ఆ ఓడ చెక్కనీ, ఆ జీవి రబ్బరనీ, లోపల ఉన్నది కూలికొచ్చిన మనిషనీ ఆయన మళ్ళీ చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంగ్లీషాయన అబద్ధాలు చెప్పాడనీ, నువ్వు నమ్మేశావనీ, అమ్మ దిగి వచ్చాక నీ సంగతి చెబుతాననీ అన్నాను. మావయ్య చీర మడతపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఆయన కొబ్బరికాయల కొట్టుగదిలో తలుపేసుకుని ఉండేవాడు. తిండి కూడా అక్కడికే. మా అత్తయ్యని ఒక్కదాన్నే లోపలికి పిలిచేవాడు. ఆవిడ బయటికొచ్చేటప్పటికి చెవి వెనక, జుట్టు మొదట్లో తెల్లటి ప్లాస్టరు అంటుకుని ఉండేది. ఏం జరుగుతోందని అమ్మమ్మ అడిగితే, "ఏమోనండీ అత్తయ్యగారూ, నన్నడక్కండి," అని పక్కకి తప్పుకునేది. గదిలోంచి రబ్బరు కాగుతున్న కంపు వస్తుంటే అమ్మమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది.

ఒక సాయంత్రం వెలుగు తగ్గుతుండగా మావయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"కాలవ రేవుకి వెళ్ళు బుల్లీ. ఎవరొచ్చేరో చూడు."

రేవు మెట్టు మీద మా అమ్మ కూర్చుని ఉంది. చిలకాకుపచ్చ చీర, చిరుగు కనపడకుండా లోపలికి మడిచి కట్టుకుంది. కుడి కనుబొమని రెండుగా చీల్చే కాలిన మచ్చ, గడ్డం కింద పుట్టుమచ్చ, పైపెదవి మీద చిన్న గీత. తల కొంచెం ఎడమవైపుకి వాల్చడం కూడా అమ్మలాగే. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఉన్న ఒక్క పెళ్ళిఫోటో తుఫానులో గోడతోపాటు కూలి నానిపోయింది. అయినా ఆ ముఖంలో ఏ ఒక్క గీతా తప్పలేదు. నేను పరుగెత్తి మెడ చుట్టూ చేతులు వేసేశాను. ఓడ ఏదని కూడా అడగలేదు. నన్ను చూసుకుంటూ ఎందుకు రెప్ప వెయ్యడం లేదో అని మాత్రం ఒక్క క్షణం అనిపించింది. చెంపకి చెంప ఆనిస్తే చల్లగా ఉంది, రబ్బరు వాసన వేసింది.

మావయ్య వెనకనుంచి వచ్చి, గడ్డం కింద వేళ్ళు పెట్టి, మా అమ్మ ముఖాన్ని పైకి లాగేశాడు.

లోపల అత్తయ్య ఉంది. గాజుకళ్ళ కింద సన్నటి చీలికల్లోంచి చూస్తూ ఆవిడ ఎంతసేపటినుంచి ఏడుస్తోందో, ముఖమంతా తడిసి వాచిపోయి ఉంది.

"చూసేవా. ఆ ఇంగ్లీషాళ్ళు చేసేది ఇదే," అన్నాడు మావయ్య. "మీ అమ్మ చుక్కల్లో లేదు. కాల్చేసేం. పాడె మోసినోడిని నేను. ఇంక పైకి చూడకు."

నేను ఏడవలేదు. నాకు ఏడవాలని తోచలేదు. ఆయన చేతిలో తలకిందులుగా వేలాడుతున్న ఆ ముఖంకేసే చూస్తూ, అది నాకిచ్చెయ్యమని అడిగాను. అబద్ధమైనా ఫరవాలేదు, నాకిచ్చెయ్యమన్నాను. ఆ మాటతో మావయ్య తడబడతాడని ఇప్పుడు మీరనుకోవచ్చు. ఆయన తడబడలేదు. కొట్టుగదిలోంచి ప్లాస్టరు అచ్చు తెచ్చి రేవు బండమీద పెట్టి సుత్తితో కొట్టాడు. తరవాత కాయలు కొట్టే కత్తితో రబ్బరుముఖాన్ని చారలుచారలుగా కోశాడు. ఎంతో జాగ్రత్తగా, పని నేర్చుకున్న పద్ధతిలోనే కోశాడు.

చప్పుడు విని అమ్మమ్మ వచ్చేసరికి సగం అయిపోయింది. ఆవిడకి విషయం అర్థం కావడానికి అట్టే సమయం పట్టలేదు.

"ఒక్కసారి నన్ను కూడా చూడనివ్వరా," అంది అమ్మమ్మ. "నా కూతురు కదరా."

"అయిపోయిందమ్మా. చేసినోడే పగలగొట్టాలి," అన్నాడు మావయ్య తలెత్తకుండా. మిగతా సగం కూడా కోసేసి, ముక్కలన్నీ కాలవలోకి తోసేశాడు. కనుబొమ మచ్చ ఉన్న ముక్క కాసేపు తేలి మునిగిపోయింది. అమ్మమ్మ మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఆ రోజు చూడలేకపోయిన కూతురి ముఖం ఆవిడకి మళ్ళీ ఎప్పుడూ దక్కలేదు.

మందు బాగానే పనిచేసింది. నేను అన్నం తిన్నాను, బడికి వెళ్ళాను, పైకి చూడడం మానేశాను. పిల్లని దారిలో పెట్టాడని మావయ్యని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు మొదలవగానే నేను లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని, ఇప్పుడైనా వెళ్ళిపోతాను. అత్తయ్య మాత్రం ఆ తరవాత బతికినన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చేముందు దూరంనుంచే, "నేనేనమ్మా, నేనే," అని చెప్పి మరీ వచ్చేది. నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక కూడా అంతే.

మావయ్య మంచాన పడ్డాక ఒకసారి చూడడానికి వెళ్ళాను. ఇంక దాచుకోవడం దేనికని, ఎందుకు పగలగొట్టావని అడిగేశాను. ఒక్క ముఖం ఉంచితే నీ సొమ్మేం పోయేదన్నాను.

"ఉంచితే నువ్వు దాన్నే అమ్మా అనేదానివి," అన్నాడు. "అయినా లాభం లేకపోయిందమ్మా. అది చేసిన కాడినుంచి నాకు అక్క మొహం గుర్తురావట్లేదు. నే చేసిందే గుర్తొస్తంది."

నాకు కూడా అంతేనని ఆయనతో చెప్పలేదు. చెబితే ఆ మనిషికి కాస్త ఊరట దక్కేదేమో. దక్కనివ్వబుద్ధి కాలేదు.

మొన్నీమధ్య మా మనవరాలు ఎక్కడో వెతికి ఆ సినిమాని ఫోనులో పెట్టి చూపించింది. అంత చిన్న తెరమీద కూడా ఆ జీవి మెడ దగ్గర కుట్టు నాకు ఇట్టే కనపడింది. చివర్లో పేర్లు పడుతుంటే పిల్ల ఆపేయబోయింది, నేను ఆపనివ్వలేదు. ఆ ముసలాయన పేరు మావయ్య ఎప్పుడూ చెప్పలేదు, అందుకని అన్నీ చదివాను. కుట్టినవాళ్ళు, చెక్కినవాళ్ళు, రంగులు చల్లినవాళ్ళు. ఎవరి ఇంట్లో ఏ పిల్ల ఎవర్ని నమ్మి ఏ చెట్టుకి ఏం కట్టిందో వాళ్ళకి తెలిసే అవకాశం లేదు. వాళ్ళమీద నాకు కోపం లేదు. వాళ్ళు పగలగొట్టింది రబ్బరునే.

అమ్మ అనుకోగానే నాకు ఇప్పటికీ ఆ రేవు మెట్టే కనిపిస్తుంది. జ్వరంతో పడుకున్న అమ్మ, నాకు జడ వేసిన అమ్మ, ఎంత వెతుక్కున్నా దొరకదు. చిలకాకుపచ్చ చీరలో తల వాల్చి కూర్చుని, నాకేసి చూస్తూనే ఉంటుంది. ఎంతసేపైనా రెప్ప వెయ్యదు.

మా ఇంట్లో పిల్లలు ఊరికే నన్ను ఫోటోలు తీస్తుంటారు. కళ్ళు మూసుకున్నావమ్మమ్మా, ఇది బాలేదు, మళ్ళీ తీస్తానని ఆ ఫోటో తీసేయబోతారు. దాన్ని ఉంచమని గొడవపెడతాను. ముసలిదానికి చాదస్తమని నవ్వుకుంటారు. ఎందుకో నేను చెప్పను. వాళ్ళకి తెలిసిన అమ్మలందరూ రెప్ప వేసేవాళ్ళే.