గ్రీకు కథ, నేను విప్పిన బొంత

“తప్పు దేవతదే నానమ్మా, ఆ పిల్లది కాదు.”

“పెద్దోళ్లతోని పోటీకి దిగితే గంతే అయితది. దేవత ఊకుంటదా?”

“ఆ పిల్ల నేసిన బట్టల ఒక్క తప్పు దొరకలేదు గద. దొరకకనే చింపింది. కుళ్లు గాక గదేంది?”

“నాకు చెప్పొచ్చినవా. మీ నాయిన పుట్టకముందే విన్న గా కథ.”

మొన్న జనగామలో, కాలేజీ పాఠం చదువుకుంటున్న మనవరాలికీ నాకూ జరిగిన గొడవ ఇది. నేతలో తనతో పోటీపడిన ఒక పిల్ల బట్టను దేవత చించి, ఆ పిల్లను సాలెపురుగుగా మార్చిందని గ్రీకుల పురాణం. అది గర్వానికి శిక్ష అని ఒకప్పుడు చెప్పేవారట. ఇప్పుడు అందులో దేవత అసూయను చూస్తున్నారట. ఆ మాటకు నేను చేసిన పాత పని ఒకటి గుర్తొచ్చింది.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు బందై, వరంగల్లులో చదివే మా మరిది పాలకుర్తి దగ్గరి మా ఊరికి వచ్చి, వంటింటి గడపలో కూర్చుని ఈ కథ చెప్పాడు. మూడో తరగతితో బడి మానిన నాకు అది తెగ నచ్చింది. పాత చీరలు పొరలుగా పరచి బొంత కుట్టడంలో అప్పట్లో ఊళ్లో నాదే పేరు. ఆ మరిది భార్య, మా యారాలు, కడుపుతో ఉండి పుట్టబోయే బిడ్డకని ఒక బొంత కుట్టింది. కుట్లు చీమలబారులా, వంకరన్నది లేకుండా సాగాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నా ఎదుటనే మెచ్చుకున్నారు. నేను తిరగేసి మరగేసి చూశాను, తప్పు దొరకలేదు. దారం దుబారా చేశావని వంక పెట్టి, ఆమె ముందే కూర్చుని కుట్లన్నీ విప్పాను. విప్పిన దారాన్ని ఉండ చుట్టి దాచుకున్నాను కూడా. పైగా సాలెపురుగు కథ చెప్పి, మిడిసిపడితే గిట్లనే అయితదన్నాను. కథ మరిదిది, నీతి నాది. దేవతకు తప్పు దొరకలేదని ఆయన ఆనాడే చెప్పాడు. ఆ ఒక్క ముక్కను నేను మింగేశాను. ఆమె మళ్లీ సూది పట్టలేదు.

ఇప్పుడు బొంతలు కుట్టేవాళ్లూ లేరు, పాత చీర విలువ తెలిసినవాళ్లూ లేరు. కథ చెప్పే తీరు కూడా మారింది. నేను చేసిన పని మాత్రం ఏ తీరుగా చెప్పుకున్నా మారదు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాను. యారాలు వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నది. ఎదురుగా కూర్చుని, అప్పుడు మింగేసిన ముక్కతో సహా కథంతా చెప్పి, తప్పు నాదే అన్నాను.

“నాకెరుకనే అక్క,” అన్నది. “ఆయన నాకు గప్పుడే కథంత చెప్పిండు.”

చాయ్ పెట్టి నా చేతికిచ్చి, మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చున్నది.